జకర్యా మాస్టర్ చప్పిడి వంట

కూర అంటే ఎర్రగా ఉండాలి. తల్లాడ నుంచి దమ్మపేట దాకా ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు వండిన జకర్యాకు ఇందులో ఏనాడూ అనుమానం రాలేదు. పచ్చగా ఉన్నది జ్వరం తగ్గినవాళ్లు తినేది, తెల్లగా ఉన్నది బాలింతలు తినేది. మిర్చి పండే నేల మీద పుట్టి, మిరపకాయలకు తొడిమలు తీస్తూ పెరిగి, పదిమంది తినే పంక్తిలో పాలిపోయిన కూర వడ్డించడమంటే ఆయనకు పెళ్లికి చొక్కా లేకుండా వెళ్లినంత నామోషీ. తన గోంగూర మటన్ తిన్నవాళ్లు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో మళ్లీ ప్లేటు చాపుతుంటే, గుండిగ పక్కన నిలబడి చూడటం ఆయనకు ఇష్టం.

యాభై ఆరో ఏట మోకాళ్లు మొరాయించాయి. గుండిగలు దించడం, లారీలోకి ఎక్కించడం ఇక తమ వల్ల కాదన్నాయి. దమ్మపేట దాటాక, పామాయిల్ తోటలు ఆగిపోయి అడవి మొదలయ్యే చోట, డెబ్బై మంది చిన్నపిల్లలుండే ఒక హాస్టల్‌లో వంట మనిషి కావాలంటే వెళ్లి కుదిరాడు. భార్య సంపూర్ణ కూడా వెంట వచ్చింది. ఆమె కూరగాయలు తరుగుతుంది, వడ్డిస్తుంది, ఆయన్ను అదుపులో పెడుతుంది. ఈ మూడో పనికి ఎవరూ ఆమెను నియమించలేదు గానీ, ఎక్కువ పొద్దు దానికే పోతుంది.

మొదటి రోజు టమాటా పప్పు చేశాడు. కారం బాగా తగ్గించానని ఆయన నమ్మకం. ఒకటో తరగతి వరసలో సగం మంది నాలుకలు బయటపెట్టి గాలి పీల్చారు. ఒకడు అన్నం వదిలేసి నీళ్ల డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాడు. వార్డెన్ గ్రేస్ వంటగదిలోకి వచ్చింది. ఆమెకు ముప్పై ఏళ్లుండవు. హోం సైన్సు చదివింది. గొంతు పెంచదు, అనుకున్నది విడవదు.

"మాస్టర్, కారం వద్దని చెప్పాను కదా."

"వెయ్యలేదమ్మా. ఊకె వాసనకు వేసిన."

"ఎంత?"

"రెండు గుప్పెళ్లు."

"రెండు గుప్పెళ్లు వాసనకా?"

"డెబ్బై మందికి తల్లీ! పెళ్లిల అయితే కిలో పడేది."

ఆమె గోడకు ఒక కాగితం అంటించింది. పన్నెండు మంది పిల్లల పేర్లు, పక్కన ఎవరి కడుపు దేనికి తిరగబడుతుందో వివరం. ఒకరికి పాలు పడవు. ఒకరికి నూనె ఎక్కువైతే వాంతి. ఇద్దరికి మూడు రోజులకోసారి గానీ కడుపు కదలదు. ఇంకొకడికి శనగపిండి తగిలితే చాలు, పొట్ట మద్దెలవుతుంది.

జకర్యా కాగితం మొత్తం చదివి భార్య వైపు తిరిగాడు. "ఇది హాస్టలా, దవాఖానానా?"

"ముందు నీ చేతులు కడుక్కో. కారపు చేతులతోని కాయితం ముట్టుకుంటే దానికి గూడ కడుపు నొస్తది," అంది సంపూర్ణ.

పిల్లల తిండి మాట ఎత్తగానే మన దగ్గర ప్రేమ దిగుతుంది. ప్రేమగా వండితే అదే అరుగుతుందంటారు. కందిపప్పును ఎంత ప్రేమగా చూసుకున్నా, ఉడకకపోతే అరగదు. ఇంకో రకం వాళ్లు పాతకాలపు తిండి తింటే అసలు రోగాలే రావంటారు. ఆ పాతకాలంలో పుట్టిన పిల్లల్లో ఎందరు ఐదేళ్లు దాటి బతికారో వాళ్లు అడగరు. జకర్యాకు ఈ రెండు రకాల మాటలూ రావు. ఆయనకు తెలిసింది మంట, నీళ్లు, సమయం. ఆ మూడింటితోనే పన్నెండు కడుపులనూ దారిలో పెట్టడం మొదలుపెట్టాడు.

పెసరపప్పు గంటసేపు నానబెట్టి, వేలితో నొక్కితే పేస్టయ్యేదాకా ఉడికించాడు. బీరకాయ చెక్కు తీశాడు, సొరకాయ గింజలు తీశాడు. అన్నానికి ఎసరు కాస్త ఎక్కువ పోశాడు. ఎల్లిగడ్డ రెబ్బలు కొద్ది నూనెలో ఎర్రగా వేయించి, నలిపి పప్పులో కలిపాడు. పాలు పడని పిల్లకు పలచటి మజ్జిగ ఇచ్చాడు. పొద్దునపూట జొన్నరవ్వ జావలో జీలకర్ర, ఉప్పు. కడుపులు నెమ్మదించాయి. కానీ ప్లేట్లలో సగం అన్నం అలాగే మిగిలింది.

ఎందుకు తినలేదని అడిగితే రెండో తరగతి వాడొకడు బిక్కమొహం పెట్టాడు. "తాతా, మాకు జ్వరమొచ్చిందా?"

జకర్యాకు నవ్వూ వచ్చింది, సంగతీ అర్థమైంది. వీళ్లూ ఈ జిల్లా పిల్లలే. ఎర్రగా లేనిది వీళ్లకూ కూర కాదు. మర్నాడు సొరకాయ కూరలో ఒక బీట్‌రూట్ తురిమి, టమాటాలు మగ్గించి కలిపాడు. అది పెళ్లి కూరలాగా నిగనిగలాడింది. మిరప గింజ కూడా వేయలేదు. పిల్లలు భయంభయంగా ఒక ముద్ద పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, గబగబా తినేశారు. మొదటి రోజు నీళ్ల డ్రమ్ము వైపు పోయినవాడు రొమ్ము విరుచుకుని, "నాకు కారం అలవాటైంది!" అని పక్కవాళ్లకు చెప్పుకున్నాడు. ఆ వేళ వంటగదిలో జకర్యా పెళ్లి పాట ఒకటి ఎత్తుకున్నాడు. సంపూర్ణ వద్దనలేదు.

దసరా సెలవులు దాటేసరికి కాగితం మీద పదకొండు పేర్లకు దారి దొరికింది. పన్నెండో పేరు సోని.

సోనికి ఆరేళ్లు. వాళ్ల తండా అక్కడికి పది కిలోమీటర్లు. తండ్రి మోతీలాల్ పామాయిల్ తోటల్లో గెలలు కోస్తాడు, తల్లి జ్యోత్స్న మిరప కోతలకు ముఠాతో వెళితే నెలలకు నెలలు రాదు. అందుకే పిల్లను హాస్టల్‌లో వేశారు. జూన్‌లో వచ్చినప్పుడు అక్షరం రాని పిల్ల, దసరాకల్లా వంటగది బయట బోర్డు మీద రాసిన ఆ పూట వంటల పేర్లు కూడబలుక్కుని చదివి, చదవడం రానివాళ్లకు వినిపించేది. అది తన ఉద్యోగమన్నట్టు, అన్నం గంట కొట్టకముందే వచ్చి బోర్డు కింద నిలబడేది. చేతులు పుల్లల్లా సన్నగా, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. వారానికి నాలుగు రోజులు విరేచనాలు. భద్రాచలంలో రక్తపరీక్ష చేసి, గోధుమ పడదని డాక్టరు తేల్చాడు. కొంచెం తగ్గించడం కాదు, రవ్వంత కూడా తగలకూడదన్నాడు.

ఆ రోజు నుంచి సోనికి చపాతీ లేదు, ఉప్మా లేదు, సేమ్యా లేదు, సాయంత్రం బిస్కెట్ లేదు. గ్రేస్ అవన్నీ ఎర్ర సిరాతో రాసి గోడకు పెట్టింది. జకర్యా ఒక్కటీ తప్పలేదు. అయినా నెల గడిచినా పిల్ల తేరుకోలేదు. స్నానం చేయించేటప్పుడు సంపూర్ణ ఆ పిల్ల మొలతాడులో వేలు దూర్చి చూసేది. వేలు దూరేది కాదు. దారం చర్మంలోకి దిగబడి ఉండేది.

డిసెంబరు మొదట్లో మోతీలాల్ వచ్చాడు. కూతురి పొట్ట చూసి, వంటగది గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"మేడం, పిల్లను తీస్కపోత. ఇంటికాడ మంచిగనే ఉండె. మా అమ్మ జొన్నరొట్టె జేస్తది, అదే తింటది. ఈడికొచ్చినంకనే గిట్లయింది."

"ఇంట్లో ఎవరుంటారు మోతీలాల్?" అంది గ్రేస్. "జ్యోత్స్న కోతకు పోతుంది. మీ అమ్మకు కళ్లు కనపడవు."

"జ్యోత్స్న పిల్లనేసుకొని చేనుకు పోతది."

"మరి బడి?"

"కడుపు మంచిగుంటే గదా బడి!"

జ్యోత్స్న ముఠా బయల్దేరే లోపు బాగుపడకపోతే తీసుకుపొమ్మని గ్రేస్ ఒప్పుకుంది. సోని బోర్డు కింద నిలబడి ఇదంతా వింది. ఆ పూట వంటల పేర్లు ఎవరికీ చదివి వినిపించలేదు.

జకర్యా మనసులో పడ్డది ఒకటే. ఈ పిల్ల చేనుకు పోతే, తొడిమలు తీస్తూ పెరుగుతుంది. ఆయన అలాగే పెరిగాడు, తన చదువు నాలుగో తరగతిలో ఆగింది. కాబట్టి తనకు తెలిసిన మందు వేశాడు. పెళ్లి వంటవాళ్లందరికీ తెలిసిన మందే అది. వెయ్యి మందికి పప్పు వండి ఒక్కరికీ కడుపు ఉబ్బకుండా చూసేది ఇంగువ. అప్పటిదాకా తాలింపుల్లో వేస్తున్నదాన్ని రెండింతలు చేశాడు. అది చాలదని, సోనికి ప్రత్యేకంగా గ్లాసు మజ్జిగలో అర చెంచా ఇంగువ కలిపి మూడు పూటలా తానే దగ్గర నిలబడి తాగించాడు. పిల్ల మొహం చిట్లించేది, కానీ తాత ఇచ్చాడని తాగేది. ఎంత తాగినా పొట్ట తగ్గలేదు. ఇంగువ ఇంకొంచెం పెంచాడు.

ఈలోగా మోకాళ్లకు సూదిమందు వేయించుకోమని ఖమ్మంలో ఆసుపత్రికి పిలిచారు. పన్నెండు రోజులు అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. వంట సంపూర్ణ చేతికి వెళ్లింది.

ఆయన తిరిగొచ్చేసరికి సోని గేటు దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. పరిగెత్తడం ఆ పిల్లకు కొత్త. వాచ్‌మన్ సీతయ్య చేయి పట్టి ఆటో దించుతూ, "మీ ఇంటామె చెయ్యి పడ్డది, పిల్ల లేచి కూసుంది. ఎంతయినా తల్లి చెయ్యి తల్లి చెయ్యే గద అన్నా," అన్నాడు. టీచర్లూ అదే అన్నారు. ఆదివారం ప్రార్థనలో సంపూర్ణ చేతుల కోసం దేవుడికి స్తోత్రం కూడా చెప్పారు.

సంపూర్ణకు ఒళ్లు మండింది. "నా చేతిల ఏముంది? గంజు దించుతుంటే కాలిన బొబ్బలున్నయ్. తల్లి చెయ్యంట! ఆ పిల్ల తల్లి చెయ్యి ఏటా మిరపచేన్ల మండుతది, ఆమెనెవరన్న అడిగిన్రా?"

జకర్యా తిరిగి గరిటె పట్టాడు. నాలుగో రోజు సోని మధ్యాహ్నం బడి నుంచి పొట్ట పట్టుకుని వచ్చింది. ఐదో రోజు పక్క మీద నుంచి లేవలేదు.

హాస్టల్ అంతా ఒక మాట మీదికి వచ్చింది. మాస్టర్ మిగతా పిల్లలకు వండాలి, సోనికి సంపూర్ణమ్మ వండాలి. అలా చేస్తే గొడవ వదిలిపోయేది. చాలామంది ఆ తృప్తితోనే ఆగిపోతారు. చేతిలో మహిమ ఉందని ఒప్పుకుంటే, ఎందుకు అన్న ప్రశ్న వేసుకునే శ్రమ తప్పుతుంది. జకర్యా ఒప్పుకోలేదు. పౌరుషం కొంత. కానీ దాని కింద ఒక లెక్క ఉంది. ఒకే పప్పు, ఒకే బియ్యం, ఒకే పొయ్యి. తన చేతిలో లేనిది ఆమె చేతిలో ఉందంటే, ఆమె చేతిలో లేనిది ఏదో తన చేతిలో ఉండి ఉండాలి.

మర్నాడు పొద్దున్నే ఖాళీ గంజు ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "వండు. నేను చూస్త."

"ఏంది, పరీక్షనా?"

"అవ్. పరీక్షే. నేను లేనప్పుడు ఎట్ల వండినవో గట్లనే వండు. ఒక్కటి గూడ ఎక్కువ తక్కువ చెయ్యకు."

"పెళ్లిచూపులకొచ్చినోళ్లు గూడ నన్ను గిట్ల చూడలే," అని ఆమె గొణిగింది గానీ వండింది. పప్పు మూడుసార్లు కడిగింది. ఆయన కూడా మూడుసార్లే కడుగుతాడు. పసుపు వేసింది. ఆయనా వేస్తాడు. బీరకాయ ముక్కలు ఆయన తరిగేవాటికన్నా పెద్దవి. కళ్లు చిట్లించాడు. నూనె వేడెక్కింది. ఆవాలు, జీలకర్ర, ఎల్లిగడ్డ, కరివేపాకు. తాలింపు పప్పులో పోసి ఆమె మంట ఆర్పేసింది.

"అయిపాయెనా?"

"అయిపోయింది."

"ఇంగువేది?"

"ఆ కంపు నాకు పడదు. మనింట్ల ఎన్నడు వేసిన?"

జకర్యా ముప్పై రెండేళ్లుగా ఆమె చేతి వంట తింటున్నాడు. పెళ్లిళ్లలో ఏ వంటవాడి చారులో ఏం తగ్గిందో వాసన చూసి చెప్పే మనిషి, సొంత ఇంటి పప్పులో ఇంగువ లేదని ఇన్నాళ్లూ గమనించలేదు.

"మరి సోనికి మజ్జిగ?"

"మజ్జిగ ఉప్పేసి ఇచ్చిన. నువ్వు కలిపే ఆ మందు నేనెందుకు కలుపుత?"

ఆయన లేచి ఇంగువ డబ్బా తీశాడు. మూత తీసి వాసన చూశాడు. ఘాటుగా, మంచిగానే ఉంది. ఇంగువ అంటే చెట్టు బంక. చెట్టు బంకలో తేడా ఏముంటుంది? అయినా డబ్బా పట్టుకుని గ్రేస్ గదికి వెళ్లాడు. దాని మీది అక్షరాలు ఆవగింజల కన్నా చిన్నవి, పైగా ఇంగ్లీషు. ఆమె ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివింది. చదివి, కుర్చీలో వెనక్కి వాలింది.

"మాస్టర్, ఇందులో మొదటి పేరే గోధుమపిండి."

"ఇంగువ డబ్బాలనా?"

"ఉత్త ఇంగువ ఘాటు ఎక్కువ కదా. పిండిలో కలిపి అమ్ముతారు. ఇందులో సగానికి పైగా పిండే ఉన్నట్టుంది."

జకర్యా కూర్చోమనకుండానే కూర్చున్నాడు. రోజుకు మూడు పూటలు, దగ్గర నిలబడి, తాగేదాకా కదలకుండా, తానే పోశాడు. పిల్ల మొహం చిట్లిస్తే బుజ్జగించి మరీ పోశాడు.

"తప్పు నాది కూడా," అంది గ్రేస్ మెల్లగా. "చపాతీ, బిస్కెట్ అని రాసి పెట్టాను. డబ్బాలు తిప్పి చూడలేదు. అంత చదివి."

"నువ్వు రాసినవమ్మా. పోసింది నేను."

ఆ రోజు వంటగది తలకిందులైంది. ఇద్దరూ కూర్చుని ప్రతి డబ్బా, ప్రతి పొట్లం మీది అక్షరాలు చదివారు. సాంబారు పొడిలో అదే ఇంగువ, అది కూడా బయటికి పోయింది. చపాతీ పీట, కర్ర, గోధుమపిండి డ్రమ్ము వెనక వరండాలోకి పోయాయి. సోనికి వేరే గంజు, వేరే గంటె. వాటి పిడులకు సంపూర్ణ తన చీర అంచు చింపి కట్టింది, ఎవరూ పొరపాటున ముట్టకుండా. ఇంగువ డబ్బా మిగతా పిల్లలకైనా పనికొస్తుందని ఆమె అంటే, జకర్యా ఒప్పుకోలేదు. "ఒక్కటే చెయ్యి గద వండేది," అన్నాడు.

రెండో రోజే మోతీలాల్ పిల్ల బట్టలు వేసుకుపోవడానికి బండి వెనక సంచీ కట్టుకుని దిగాడు. పిల్ల మళ్లీ పడుకుందని ఎవరో ఫోన్ చేశారు. గొడవకు సిద్ధపడే వచ్చాడు, మెడ నరాలు చూస్తేనే తెలుస్తోంది. గ్రేస్ బయటికి రాకముందే జకర్యా కుంటుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాడు.

"మోతీలాల్ తమ్మీ, ముందుగాల నా మాటిను. నీ బిడ్డ కడుపు ఖరాబు చేసింది నేనే."

మోతీలాల్ అరవాలనుకున్న మాట ఎదుటి మనిషే అనేసరికి ఏం చేయాలో తోచక బండి స్టాండు వేశాడు. "ఏందన్నా, గట్లంటవ్?"

జకర్యా చెప్పాడు. ఇంగువ, పిండి, మజ్జిగ, మూడు పూటలు. ఏదీ తగ్గించి చెప్పలేదు. తన పేరు దమ్మపేట దాకా ఎలా పాకిందో ఈ మాటా అలాగే పాకుతుందని ఆయనకు తెలుసు.

"ముప్పై ఏండ్లు వండినవ్. నీకు తెల్వదా?" అన్నాడు మోతీలాల్.

"తెల్వదు."

వంట విషయంలో ఆ మాట జకర్యా నోట రావడం అదే మొదలు. మోతీలాల్ సంచీ విప్పకుండానే నేల మీద చతికిలబడ్డాడు.

"డాక్టరు గూడ చెప్పలే. మా అమ్మయితే దయ్యం పట్టిందన్నది, తాయెత్తు కట్టిపిచ్చింది. ఇంగువల పిండి ఉంటదని ఒక్కరు చెప్పలే." వేళ్ల మీద లెక్కబెట్టి, "పదిహేను దినాలు," అన్నాడు. "జ్యోత్స్న ముఠా పోయేది గప్పుడే. పిల్ల మంచిగుంటే ఉంటది. లేకుంటే నన్ను ఆపొద్దు."

ఆ పదిహేను రోజులు జకర్యా తనకు పేరు తెచ్చిన రుచులన్నీ పక్కన పెట్టాడు. పెసరపప్పు, బీరకాయ, మెత్తటి అన్నం, జొన్న జావ, అరటికాయ వేపుడు, మజ్జిగ. మూడో రోజుకు విరేచనాలు ఆగాయి. వారానికి మొలతాడులో సంపూర్ణ చిటికెన వేలు దూరింది. పదో రోజున చూపుడు వేలు కూడా. పన్నెండో రోజు సోని బోర్డు కింద నిలబడి, "అ-ర-టి-కా-య," అని గట్టిగా చదివి, "మళ్లీనా తాతా?" అని అరిచింది.

"మళ్లీనే! తింటవా, సూదులకు ఖమ్మం పంపాల్నా?" అని లోపల్నుంచి కేక.

పదిహేనో రోజు మోతీలాల్, జ్యోత్స్న ఇద్దరూ వచ్చారు. సరిగ్గా అన్నం వేళ. సోని తల్లిని చూసి నవ్వింది గానీ పంక్తిలోంచి లేవలేదు. "యాడీ, ఆగు, ఇంకో గంటె వస్తది," అంది అమ్మతో, నోట్లో ముద్దతోనే. జ్యోత్స్న పక్కన కూర్చుని, గౌను కిందుగా చేయి పెట్టి మొలతాడు లాగి చూసింది. అది వదులుగా జారింది. ఆమె భర్త వైపు తిరిగి తమ తండా భాషలో రెండే మాటలన్నది. మోతీలాల్ తల ఊపాడు. తెచ్చిన సంచీ బండికే ఉండిపోయింది.

జ్యోత్స్న ముఠా జీపు కోసం రోడ్డు మీదికి వెళ్లాక, మోతీలాల్ వంటగది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఈసారి చెప్పులు బయటే విడిచాడు.

"అన్నా, సెలవులకు పిల్ల ఇంటికొస్తది. ఆమె చేన్ల ఉంటది. వండేది నేనే. నేర్పు."

"గెలలు కోసే చేతులు, పప్పు వండుతయా?"

"నీ చేతులు మాత్రం పప్పుకే పుట్టినయా?"

సంపూర్ణ గట్టిగా నవ్వింది. జకర్యా పెసరపప్పు గిన్నె ముందుకు తోశాడు. మోతీలాల్ ఫోన్ కిటికీలో ఆనించి వీడియో పెట్టుకున్నాడు.

"నీళ్లెన్ని?"

"పప్పు మీద వేలు పెట్టు. మొదటి కణుపు దాక."

పామాయిల్ ముళ్లు గుచ్చుకుని మొద్దుబారిన బొటనవేలు గిన్నెలో దిగింది.

"బొటనవేలు కాదయ్యా! చూపుడు వేలు. అట్లయితే చెరువు పెడ్తవ్."

"చెప్పాలె గద ముందు!"

"ఎవరికన్న చెప్పాల్నా? వేలు పెట్టుమంటే బొటనవేలు పెట్టేటోడు ఉంటడా?" జకర్యా గంటె లాక్కోబోయాడు. సంపూర్ణ ఆయన మణికట్టు పట్టుకుంది.

"రేపు తండాల నువ్వుంటవా పక్కన? ఆయన్ను వండనియ్యి. నువ్వు బయటికి నడువు."

జకర్యా గొణుక్కుంటూ బయటికి వెళ్లాడు. వెళ్లి, ఎటూ పోకుండా, కిటికీ అవతల నిలబడ్డాడు. ఫోన్ వెనక నుంచి ఆయన తల సగం కనిపిస్తోంది.

"మంట తగ్గియ్యి తమ్మీ," అన్నాడు. "అడుగంటుతాంది. ఆఁ, ఇంకొంచెం. ఇగ కలుపు, మెల్లగ."

మోతీలాల్ మంట తగ్గించి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, గెల కోసేటంత జాగ్రత్తగా కలపసాగాడు.